అలకపాన్పు ఎక్కిన హాకీ టీం

నేల మాట – 11వ భాగం



ఈ వారం అసైన్డ్ భూముల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈసారి ఒక ఫోన్ కాల్ నన్ను వేరే దారి పట్టించింది. దారి వేరేగానీ చేరేది మళ్ళీ నేల దగ్గరికే. కాస్త ఓపిగ్గా చదవండి.

హాస్టల్లో నాకు జూనియర్ ఒక తమ్ముడు ఇప్పుడు అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో చదువుతున్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, మా క్లాసులో డిబేట్ పెట్టారు. ఒక హాకీ టీం ఓనరు నాకిక్కడ గిట్టుబాటు కావట్లేదు, వేరే ఊరికి పోతా అంటే ఊరు ఏం చెయ్యాలి? డబ్బిచ్చి ఆపాలా, పొమ్మనాలా? నేను ఆపాలనే వైపు మాట్లాడాలి. నాలుగు పాయింట్లు చెప్పు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "తమ్ముడూ, నువ్వు ఏ ఊళ్ళో కూర్చుని ఈ ప్రశ్న అడుగుతున్నావో తెలుసా?" అన్నాను.

వాడికి తెలియదు. వాడి తప్పు కాదు. మన తెలుగువాళ్ళకి పిట్స్‌బర్గ్ అంటే వెంకటేశ్వరస్వామి గుడి. 1970లలోనే అక్కడ గుడి కట్టుకున్నాం, ఇవాళ్టికీ ఎక్కడెక్కడి నుంచో కార్లలో వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తాం. ఆ ఊరి నడిబొడ్డుకి ఆనుకుని హిల్ డిస్ట్రిక్ట్ అని ఒక నల్లజాతి వాడ ఉంది. దాని గురించి మనవాళ్ళకి తెలిసింది ఒకటే ముక్క. "రాత్రిపూట అటు వెళ్ళకండి" అని సీనియర్లు జూనియర్లకి చెప్పే ముక్క. ఊళ్ళో ఉన్నవాళ్ళు వాడ గురించి ఏం మాట్లాడతారో మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

సరే, అసలు సంగతికి వద్దాం.

ఇది ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. మంచు మీద ఆడే ఐస్ హాకీ. అమెరికా, కెనడాలకి కలిపి ఎన్‌హెచ్‌ఎల్ అని పెద్ద లీగ్ ఉంది. అందులో 32 టీంలు. ఒక్కో టీంకి ఒక ఓనరు, లేదా ఓనర్ల గుంపు. టీం పేరు ముందు ఊరి పేరు ఉంటుంది గానీ టీం ఊరిది కాదు. ఓనరుకి నచ్చితే, లీగ్ ఒప్పుకుంటే, మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరికి పోతుంది. 1993లో మిన్నెసోటా టీం డల్లాస్‌కి పోయింది. 1995లో క్యూబెక్ టీం డెన్వర్‌కి, 1996లో విన్నిపెగ్ టీం ఫీనిక్స్‌కి, 1997లో హార్ట్‌ఫర్డ్ టీం నార్త్ కరోలినాకి పోయాయి. 2011లో అట్లాంటా టీం విన్నిపెగ్‌కి వచ్చింది. 2024లో ఫీనిక్స్ ప్లేయర్లంతా సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయారు. ఒక ఊరి పండగ ఇంకో ఊరి ఏడుపు. అట్లాంటా ఏడిస్తేనే విన్నిపెగ్ నవ్వింది.

ఇందులో కిటుకు ఎక్కడుందో చూడండి. టీంలు ఎన్ని ఉండాలో నిర్ణయించేది లీగే, అంటే ఆ ఓనర్లే. టీం కావాలనే ఊళ్ళు ఎప్పుడూ టీంల కంటే ఎక్కువే ఉండేలా చూసుకుంటారు. అప్పుడు టీం ఉన్న ప్రతి ఊరినీ టీం లేని ఊరి పేరు చెప్పి బెదిరించొచ్చు.

మన పల్లెల్లో దీనికి మంచి పేరుంది. అలకపాన్పు. పెళ్ళయ్యాక కొత్తల్లుడు మంచమెక్కి మూతి ముడుచుకుంటాడు. "వాచీ పెట్టండి, బండి పెట్టండి, లేకపోతే వెళ్ళిపోతా." మామ అప్పు చేసి తెస్తాడు. అల్లుడికి నిజంగా వెళ్ళే ఉద్దేశం ఉందా? ఉండదు. కానీ వెళ్ళనని మామకి తెలిస్తే ఇక బండి రాదు. వెళ్తానన్న బెదిరింపే వాడి పెట్టుబడి.

పిట్స్‌బర్గ్‌లో సరిగ్గా ఇదే జరిగింది.

అక్కడి టీం పేరు పెంగ్విన్స్. 1967లో పుట్టింది. 1998లో దివాలా తీసింది. అప్పుడు మారియో లెమ్యూ అనే ఆటగాడు ముందుకొచ్చాడు. ఊరికి దేవుడి లాంటివాడు, 1991లోనూ 1992లోనూ కప్పు తెచ్చినవాడు. టీం అతనికి బాకీపడ్డ జీతమే కోట్ల డాలర్లు. ఆ బాకీని వాటాగా మార్చుకుని, ఇంకొందరు పెట్టుబడిదారులతో కలిసి 1999లో ఓనరయ్యాడు. టీంని ఊళ్ళో నిలబెట్టాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

తర్వాత కొత్త స్టేడియం కావాలన్నారు. పాతది 1961లో కట్టింది, లీగ్ మొత్తంలోకీ పాతది. అదీ నిజమే. డబ్బు ఎవరిస్తారన్న దగ్గర చిక్కొచ్చింది. ఒక కాసినో కంపెనీ, ఊళ్ళో జూదశాల లైసెన్సు మాకిప్పిస్తే 29 కోట్ల డాలర్లు మేమే పెడతామంది. 2006 డిసెంబర్లో లైసెన్సు వేరే కంపెనీకి పోయింది. ఇక అలక మొదలైంది. 2007 జనవరిలో ఓనర్లు కాన్సాస్ సిటీకి వెళ్ళారు. అక్కడ కొత్త స్టేడియం తయారవుతోంది, అద్దె కూడా వద్దు రమ్మన్నారు. లాస్ వేగస్ పేరూ వినిపించింది. పిట్స్‌బర్గ్ గుండె ఆగినంత పనైంది. ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడి, జనం వలసపోయి, పరువు పోయిన ఊరు అది. ఇప్పుడు హాకీ టీం కూడా పోతుందా అని పత్రికలు గోల పెట్టాయి. 2007 మార్చిలో గవర్నరు, మేయరు, కౌంటీ పెద్ద అంతా కలిసి ఒప్పందం చేశారు. కాసినో కంపెనీ ఏడాదికి 75 లక్షల డాలర్లు. జూదం ఆదాయంతో నడిచే రాష్ట్ర నిధి నుంచి ఇంకో 75 లక్షల డాలర్లు. ఇలా 30 ఏళ్ళు. మిగతాది టీం కట్టాలి. దీనికి తోడు పాత స్టేడియం కూల్చాక మిగిలే 28 ఎకరాల్లో కట్టడాలు వేసే హక్కు కూడా టీంకే.

2008 ఆగస్టులో కొత్త స్టేడియానికి భూమిపూజ చేసిన రోజున లెమ్యూ గారు నవ్వుతూ ఏమన్నారంటే, మేము వెళ్ళిపోవడమనేది జరిగే పని కానే కాదు, నగరం మీదా రాష్ట్రం మీదా ఒత్తిడి పెట్టడానికి కొన్ని పనులు చేయాల్సి వచ్చింది, కాన్సాస్ సిటీకీ వేగస్‌కీ వెళ్ళింది మంచి భోజనం చేసి రావడానికే అన్నారు.

తిరిగి చదవండి. భోజనానికి వెళ్ళారట! ఆ భోజనం బిల్లు 30 ఏళ్ళ పాటు ఏడాదికి కోటిన్నర డాలర్లు. కాన్సాస్ సిటీ కట్టుకున్న ఆ స్టేడియంలో కచేరీలు బాగానే నడుస్తున్నాయి గానీ, ఎన్‌హెచ్‌ఎల్ టీం మాత్రం ఇప్పటికీ రాలేదు. ఇంకొకరి అల్లుడి కోసం గది కట్టి కూర్చున్నారు పాపం.

ఇంతవరకూ చెప్పింది అమెరికా పత్రికల్లోనూ దొరుకుతుంది. మన చూపు పడాల్సిన చోటు వేరే ఉంది. ఆ పాత స్టేడియం దేని మీద కట్టారు?

లోయర్ హిల్ మీద. హిల్ డిస్ట్రిక్ట్‌లో ఊరి నడిబొడ్డుకి దగ్గరగా ఉన్న కింది సగం అది. దక్షిణాది నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన నల్లవాళ్ళు, ఇటలీ వాళ్ళు, యూదులు, సిరియా వాళ్ళు కలిసి బతికిన చోటు. రానురానూ నల్లవాళ్ళే ఎక్కువయ్యారు. మంగలి షాపులు, హోటళ్ళు, జాజ్ క్లబ్బులు, చర్చిలు. అమెరికాలోని నల్లజాతి పత్రికల్లో పేరుమోసిన పిట్స్‌బర్గ్ కొరియర్ హిల్ నుంచే వచ్చేది. నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ పుట్టి పెరిగింది హిల్‌లోనే. అతని పేరుమోసిన పది నాటకాల్లో తొమ్మిది ఆ వాడలో జరిగేవే.

1943లో ఒక కౌన్సిలర్ ఆ ప్రాంతం గురించి రాశాడు. నూటికి తొంభై ఇళ్ళు పనికిరానివి, అన్నిటినీ నాశనం చేసినా సమాజానికి నష్టమేమీ లేదన్నాడు. సమాజానికి నష్టం లేదట! ఆ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు అతని లెక్కలో సమాజంలో లేరన్నమాట. 1949 హౌసింగ్ చట్టం కేంద్రం నుంచి డబ్బు తెచ్చింది. 1956లో బుల్డోజర్లు దిగాయి. 95 ఎకరాలు చదును చేశారు. సుమారు 8,000 మందిని ఖాళీ చేయించారు. 400కి పైగా వ్యాపారాలు మట్టిలో కలిశాయి. బెతెల్ ఏఎంఈ అనే నల్లజాతి చర్చిని 1957లో పడగొట్టారు. ఆ ఊళ్ళో నల్లవాళ్ళ సంఘాల్లో 1808 నాటి పాత సంఘం అది. దానికి దగ్గర్లోనే ఉన్న ఒక కేథలిక్ చర్చి మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పటికీ ఉంది.

ఖాళీ చేయించిన వాళ్ళకి చట్టప్రకారం దేశమంతా ఒకే తీరు పునరావాస సాయం అందించే ఫెడరల్ చట్టం 1970 దాకా రానే లేదు. కొందరు ప్రభుత్వ గృహసముదాయాలకి పోయారు. కొందరు ఇంకా ఇరుకు ఇళ్ళకి పోయారు. వాడ చెదిరిపోయింది.

చోటు ఖాళీ చేయించింది ఎవరి కోసం? మొదట హాకీ కోసం కూడా కాదు. ఎండాకాలం సంగీత నాటకాల కోసం. పైకప్పు తెరుచుకునే ఉక్కు గుమ్మటం కట్టారు, నక్షత్రాల కింద కూర్చుని పాటలు వినడానికి. ఆ చుట్టూ వస్తాయన్న మిగతా హంగులు చాలావరకు రాలేదు. వచ్చింది గుమ్మటం, దాని చుట్టూ పార్కింగ్ తారు. ఇంకా పైకి బుల్డోజర్లు ఎక్కబోతుంటే 1960లలో హిల్ జనం సెంటర్ అవెన్యూ, క్రాఫర్డ్ వీధి కలిసే మూల దగ్గర బోర్డు పెట్టారు, ఈ గీత దాటి ఇక కూల్చడానికి వీల్లేదని. నిలబడ్డారు. ఆపారు. ఆ మూల పేరు ఇవాళ ఫ్రీడం కార్నర్.

ఇప్పుడు డిబేట్ ప్రశ్నకి రండి. "హాకీ టీం వేరే ఊరికి తరలిపోవాలా వద్దా?" ఈ కథలో నిజంగా తరలిపోయింది ఎవరు? టీం పోతానంది, పోలేదు. పోతాననే మాటకే దానికి స్టేడియం వచ్చింది. 8,000 మంది పోమన్నారు. వాళ్ళని పంపేశారు. పోతానని బెదిరించగలవాడికి ఉండటానికి డబ్బిస్తారు. ఉంటానని బతిమాలేవాడిని బుల్డోజర్ పెట్టి పంపిస్తారు. ఈ తేడా తెలియకుండా ఏ డిబేట్ చేసినా ఓనరు తరఫునే మాట్లాడినట్టు.

ఇంకో సంగతి. హిల్ నుంచి నిజంగానే ఒక టీం వేరే ఊరికి పోయింది. దాన్ని ఆపడానికి గవర్నర్లెవరూ రాలేదు.

1930లలో హిల్‌లో గస్ గ్రీన్లీ అని ఒక నల్లజాతి వ్యాపారి ఉండేవాడు. తెల్లవాళ్ళ బేస్‌బాల్ లీగ్‌లో నల్లవాళ్ళని అడుగు పెట్టనివ్వని రోజులు. గ్రీన్లీ క్రాఫర్డ్స్ అనే నల్లజాతి టీంని కొన్నాడు. శాచెల్ పేజ్, జోష్ గిబ్సన్, ఆస్కార్ చార్ల్‌స్టన్, ఒకరిని మించి ఒకరు. తెల్లవాళ్ళ స్టేడియాల్లో బట్టలు మార్చుకునే గదిని కూడా వాడుకోనివ్వకపోతే, సుమారు లక్ష డాలర్లు సొంతంగా పెట్టి 1932లో బెడ్‌ఫర్డ్ అవెన్యూలో సొంత స్టేడియమే కట్టాడు. 1938లో దాన్ని కూల్చేశారు, ప్రభుత్వ గృహసముదాయం కోసం. ఇళ్ళు కావాల్సిన మాట నిజమే, కాదనను. అంతకు ముందే టీం దెబ్బతిన్న మాటా నిజమే. 1937లో డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియో మనుషులు డబ్బు ఎరచూపి పేరున్న ఆటగాళ్ళని లాక్కుపోయారు. ఏమైతేనేం, స్టేడియం పోయింది. 1939లో టీం టొలీడోకి పోయింది. 1940లో ఇండియానాపొలిస్. ఆ తర్వాత లేదు.

ఊరి గుర్తింపు పోతుందని అప్పుడు ఎవరూ ఏడవలేదు. ఇప్పుడు చెప్పబోయేది గుర్తుపెట్టుకోండి. గ్రీన్లీకి ఆ డబ్బు ఎక్కడిది? నంబర్లాట నుంచి. మన మట్కా లాంటిది. అది నేరం. పోలీసులు దాడులు చేసేవాళ్ళు. డెబ్భై ఏళ్ళ తర్వాత అదే ఊళ్ళో హాకీ స్టేడియానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? జూదం యంత్రాల నుంచి. ఈసారి అది నేరం కాదు, అభివృద్ధి. జూదం ఒకటే. చేతుల రంగు మారితే దాని పేరు మారింది.

తమ్ముడు ఊరుకోలేదు. ఊరుకుంటే వాడు మన హాస్టల్ వాడెట్లా అవుతాడు? ఒక్కొక్క పాయింటూ వేశాడు.

"అన్నా, ఉద్యోగాలు వస్తాయి కదా?" వస్తాయి. కట్టేటప్పుడు కొన్నాళ్ళు వస్తాయి. తర్వాత మ్యాచ్ ఉన్న రోజున టికెట్లు చించేవాళ్ళకి, పాప్‌కార్న్ అమ్మేవాళ్ళకి, ఊడ్చేవాళ్ళకి. సొంత ఊళ్ళో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఏడాదికి నలభై పైచిలుకు. రోజ్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ అనే ఆర్థికవేత్తలు 1997లోనే స్టేడియాల మీద ఒక పుస్తకం తెచ్చారు. ప్రజల డబ్బుతో కట్టిన స్టేడియం ఊరి ఆదాయాన్ని చెప్పుకోదగ్గట్టు పెంచిన దాఖలా లేదని తేల్చారు. ఎందుకు పెంచదు? మ్యాచ్‌కి వచ్చిన కుటుంబం అదే ఊళ్ళో సినిమాకో హోటల్‌కో పెట్టే ఖర్చునే ఇక్కడ పెడుతుంది. డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోయింది, అంతే.

"అది జూదం డబ్బన్నా, జనం కట్టిన పన్ను కాదు." లైసెన్సు ఇచ్చింది ఎవరు? జనం పేరు మీద ప్రభుత్వం. ఆ లైసెన్సు మీద వచ్చే వాటా జనానిది. జూదం యంత్రం ముందు కూర్చుని పెన్షన్ డబ్బులు పోగొట్టుకునే ముసలాయన జేబులోంచి వచ్చిన డబ్బు అది. బడికి పెట్టొచ్చు, బస్సుకి పెట్టొచ్చు. స్టేడియానికి పెట్టారు.

"జనానికి ఆ టీం అంటే ప్రాణం అన్నా." ఈ ఒక్క పాయింట్ దగ్గర నేను ఆగాను. ఎందుకంటే ఇది నిజం. 1995లో విన్నిపెగ్‌లో టీంని నిలుపుకోవడానికి పిల్లలు దాచుకున్న చిల్లర డబ్బులు తెచ్చి ఇచ్చారు. టీం మరుసటేడు పోయింది. హార్ట్‌ఫర్డ్ వాళ్ళు పోయిన టీం టోపీలు ఇప్పటికీ పెట్టుకుంటారు. పిట్స్‌బర్గ్‌లో 2009, 2016, 2017 కప్పులు వచ్చినప్పుడు లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు. వాళ్ళంతా కూలీలు, నర్సులు, డ్రైవర్లు. ఆ సంతోషాన్ని నేను వెక్కిరించను. ఆటని ప్రేమించడం తప్పు కాదు. జనం ప్రేమకి బిల్లు వేసి వాళ్ళ చేతే కట్టించడం తప్పు. అల్లుడి ఆట కూతురి మీద మామకున్న ప్రేమతోనే కదా సాగేది!

"మరి హిల్ వాళ్ళకి ఏమైనా వచ్చిందా?" అని చివరికి వాడే అడిగాడు. వచ్చింది. ఊరికే రాలేదు, కొట్లాడితే వచ్చింది. హిల్ సంఘాలన్నీ ఒక కూటమి కట్టి, ఈసారి మా వాటా తేల్చకుండా పునాది తియ్యనివ్వమన్నాయి. 2008లో నగరం, కౌంటీ, టీంలతో ఒప్పందం రాయించుకున్నాయి. ఆ ఊళ్ళో అలాంటి ఒప్పందం అదే మొదటిది. స్థానికులకి ఉద్యోగాల్లో ముందు అవకాశం, ఒక కిరాణా సూపర్‌మార్కెట్‌కి సాయం లాంటివి అందులో ఉన్నాయి. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా హిల్‌లో ఒక మంచి కిరాణా షాపు లేదు మరి. స్టేడియం 2010లోనే తెరుచుకుంది. షాపు 2013లో వచ్చింది. 2019లో మూతపడింది. పాత గుమ్మటాన్ని 2012 నాటికి పడగొట్టేశారు. ఆ 28 ఎకరాల్లో మొదటి పెద్ద భవనానికి పునాది తీసింది 2021లో. అందాకా అక్కడ కార్లు నిలిపారు, పార్కింగ్ ఆదాయం టీం తీసుకుంది. ఆ మొదటి భవనం ఏంటో తెలుసా? ఒక బ్యాంకు టవరు.

ఓనర్ల మాట? 1999లో 10 కోట్ల 70 లక్షల డాలర్లకి కొన్న టీంని 2021లో అమ్మారు. ధర సుమారు 90 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. అన్ని టీంల ధరలూ పెరిగాయిలే అంటారు. అవును. అన్ని ఊళ్ళూ అల్లుళ్ళకి బళ్ళు కొనిపెడుతుంటే పెరగవా మరి?

బెతెల్ చర్చి వాళ్ళు మాత్రం వదల్లేదు. పడగొట్టి 60 ఏళ్ళు దాటినా అడుగుతూనే ఉన్నారు. 2023లో టీం ఒకటిన్నర ఎకరం తిరిగి ఇస్తామని ఒప్పుకుంది. 95 ఎకరాల్లో ఒకటిన్నర. తక్కువే. కానీ అడిగితే నేల వెనక్కి వస్తుందని చెప్పడానికి ఆ ఒకటిన్నర ఎకరం చాలు.

మరి నా జవాబేంటి? పోవాలా, ఉండాలా?

పోతానన్నవాడిని పొమ్మనాలి. దండ వేసి మరీ సాగనంపాలి. అరిజోనాలో టెంపీ అనే ఊరుంది, మన తెలుగు విద్యార్థులు వేలల్లో చదివే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఊరే. అక్కడి హాకీ టీం చెత్త డంపు ఉన్న స్థలంలో స్టేడియం, షాపులు, అపార్ట్‌మెంట్లు కడతామని, పన్నుల్లో రాయితీలు కావాలని అడిగింది. 2023 మే నెలలో ఊరు ఓటు వేసింది. మూడు ప్రతిపాదనలనీ జనం ఓడించారు. మరుసటేడు టీం సాల్ట్ లేక్ సిటీకి పోయింది. అభిమానులు ఏడ్చారు, అది నిజం. ఊరు మాత్రం కూలిపోలేదు. ఓటు అడిగారు కాబట్టి జనం చెప్పగలిగారు. పిట్స్‌బర్గ్‌లో 1956లోనూ అడగలేదు, 2007లోనూ అడగలేదు.

ఉండాలనుకుంటే షరతులు ఊరు పెట్టాలి, టీం కాదు. ఒకటి, లెక్కల పుస్తకాలు బయట పెట్టాలి. నష్టం వస్తోందన్నవాడు నష్టం చూపించాలి. రెండు, ఊరు డబ్బు పెడితే ఊరికి వాటా ఉండాలి. ఇది పగటికల కాదు. అమెరికాలోనే గ్రీన్ బే అనే చిన్న ఊళ్ళో ఫుట్‌బాల్ టీం 1923 నుంచి జనం వాటాలతో నడుస్తోంది. ఆ టీం ఏనాడూ వేరే ఊరికి పోతానని బెదిరించదు, ఎందుకంటే బెదిరించాల్సింది తన ఓనర్లనే. ఆ లీగ్ తర్వాత ఇంకే ఊరూ అలా చేయకుండా రూలు పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో మీరే ఊహించండి. మూడు, ఆట ఆడటానికి చోటు ఇవ్వొచ్చు గానీ నేల మీద హక్కు రాసివ్వకూడదు. నాలుగు, ఆ నేల మీద నుంచి ఇంతకు ముందు ఎవరిని లేపారో వాళ్ళ బాకీ ముందు తీర్చాలి. ఆ తర్వాతే కొబ్బరికాయ.

ఇదంతా మనకెందుకు అంటారేమో. చెప్తాను.

నా చిన్నప్పుడు మా మండల కేంద్రంలో మినీ స్టేడియం అన్నారు. ప్రజా ప్రయోజనం అన్నారు. మా వాడ వాళ్ళ డి పట్టా భూములు నాలుగైదు కుటుంబాలవి తీసుకున్నారు. అందులో మా నాయనది ఎకరం. పట్టా భూమి కాదు కాబట్టి పరిహారం అడిగే హక్కే లేదన్నారు. స్టేడియానికి ఒక పక్క గోడ లేచింది. ఇంకో పక్క ఇప్పటికీ లేవలేదు. మా నాయన అటుగా వెళ్ళినప్పుడల్లా ఆ గోడ పక్కన ఒక నిమిషం నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. నాకు పిట్స్‌బర్గ్ గురించి చదివినప్పుడు ఆ గోడే గుర్తొచ్చింది. హిల్ వాళ్ళ భాష నాకు రాదు, వాళ్ళ ఆట నాకు తెలియదు. పార్కింగ్ స్థలం పక్కన నిలబడి ఒకప్పటి తన ఇంటి గడప ఎక్కడుండేదో వెతుక్కునే మనిషి మాత్రం నాకు బాగా తెలుసు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు మీ ఊళ్ళోకి ఫ్యాక్టరీ వాడొచ్చి పక్క రాష్ట్రం వాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారు అన్నా, ఇంకొకడొచ్చి స్టేడియం అన్నా, టవరు అన్నా, మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న వాడు ఉంటాడా పోతాడా అని కాదు. ఎవరి నేల అని అడగండి. ఎవరిని లేపుతున్నారని అడగండి. లేచేవాళ్ళు పోమంటే వినే దిక్కు ఉందా అని అడగండి. వాడు భోజనానికి ఎక్కడికి వెళ్ళాడో కూడా ఒక కన్నేసి ఉంచండి.

మా తమ్ముడు డిబేట్‌లో పక్షం మార్చుకోవడానికి కుదరలేదట, ముందే పేరు రాసుకున్నారట. అయితే నిన్న యూనివర్సిటీ నుంచి సెంటర్ అవెన్యూ మీదుగా నడుచుకుంటూ ఫ్రీడం కార్నర్ దాకా వెళ్ళాడు. పట్టపగలే. అక్కడి నుంచి కిందికి చూస్తే స్టేడియం కనిపిస్తోందన్నా అని ఫొటో పంపాడు. ఫొటోలో స్టేడియం కంటే దాని ముందున్న ఖాళీ తారునేలే పెద్దగా కనిపించింది.

వచ్చే వారం అసైన్డ్ భూములు. ఈసారి మాట తప్పను. మీ ఊళ్ళో డి పట్టాల కాగితాలు ఉంటే వెతికి పెట్టుకోండి.

జై భీమ్.